వచ్చే వేసవి వేదిక మీద ఎవరు?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరం ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)

రెండు రోజులుగా మనం స్థానిక సంస్థల్లో స్త్రీల ప్రాతినిధ్యం గురించీ, పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను ఇంగ్లండులో జరిగే రాక్ సంగీతోత్సవాల గురించి మాట్లాడతాననగానే కొందరు ముసిముసిగా నవ్వుకోవడం చూశాను. నవ్వండి, ఫరవాలేదు. నాకూ మొదట నవ్వే వచ్చింది. అరవై ఏళ్ళకు దగ్గర పడుతున్న నేనేమిటి, ఈ గిటార్ల గోలేమిటి అనుకున్నాను. కానీ ఆ గోలలోనే మనకు బాగా తెలిసిన మాటలు వినిపించాయి. అందుకే దీన్ని మీ ముందు పెడుతున్నాను.

2023 నవంబరులో మా అక్క కూతురి దగ్గర కొన్ని వారాలు ఉందామని లీడ్స్ నగరానికి వెళ్ళాను. అది అక్కడ చదువుకుంటూ, మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక ఇంట్లో ఉండేది. వాళ్ళ వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో ఇరవై పేర్లు. పక్కన టిక్కులు, ప్రశ్నార్థకాలు, కొట్టివేతలు. చిట్టీ పాట లెక్కేమో అనుకున్నాను.

"కాదు పిన్నీ, వచ్చే వేసవిలో ఏయే ఉత్సవాలకి ఏయే బ్యాండులు వస్తాయో అంచనా వేస్తున్నాం. ఎవరి అంచనా ఎక్కువ తప్పితే వాళ్ళు నెల రోజులు గిన్నెలు తోమాలి" అంది.

అక్కడ చలికాలమంతా చాలామంది కుర్రకారుకు ఇదే కాలక్షేపం. వేసవి వచ్చిందంటే వరసగా ఉత్సవాలు. జూన్‌లో డోనింగ్టన్‌లో డౌన్‌లోడ్ ఉత్సవం. అక్కడ గట్టి రాక్, మెటల్ సంగీతం. జూన్ చివర సోమర్సెట్ జిల్లాలోని వర్తీ ఫార్మ్ అనే పాడి రైతు పొలంలో గ్లాస్టన్‌బరీ. 1970లో మైకేల్ ఈవిస్ అనే ఆ రైతు ఒక పౌండు టిక్కెట్టు పెట్టి, వచ్చినవాళ్ళకు పాలు ఉచితంగా పోసి మొదలుపెట్టిన ఉత్సవం అది. ఇప్పుడు రెండు లక్షల మందికి పైగా వస్తారు. ఆగస్టు చివరి వారంలో రెడింగ్ లోనూ లీడ్స్ లోనూ ఒకేసారి, అదే కళాకారుల జాబితాతో మరో ఉత్సవం. గ్లాస్టన్‌బరీకైతే ఎవరు పాడతారో పూర్తిగా ప్రకటించకముందే, గంట తిరక్కుండా టిక్కెట్లు అమ్ముడైపోతాయి. డబ్బు కట్టేసిన వాళ్ళు నెలల తరబడి ఊహాగానాలు చేయక ఏం చేస్తారు?

ఈ ఊహాగానం గాలివాటం వ్యవహారం కాదు. నేను కూర్చుని నేర్చుకున్నాను. బ్యాండుల పర్యటన తేదీలు ముందు చూస్తారు. ఒక బ్యాండు జూన్‌లో జర్మనీలో, ఫ్రాన్సులో కచేరీలు ప్రకటించి సరిగ్గా గ్లాస్టన్‌బరీ జరిగే శని, ఆదివారాలు ఖాళీగా ఉంచుకుంటే దానికి అర్థముంది. అలాగే ఒప్పందాలు. పెద్ద ఉత్సవానికి ఒప్పుకున్నవాళ్ళు అంతకు ముందూ వెనకా కొన్నాళ్ళపాటు ఆ చుట్టుపక్కల కచేరీ చేయకూడదని షరతు ఉంటుంది. కాబట్టి ఊరూరా తిరిగే బ్యాండు ఒక ప్రాంతాన్ని మాత్రం వదిలేసిందంటే అదీ ఒక ఆచూకీయే. కొత్త ఆల్బమ్ ఎప్పుడు వస్తుందో, పాత ఆల్బమ్‌కి ఇరవై ఏళ్ళు ఎప్పుడు నిండుతాయో లెక్క వేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది నిచ్చెన. ఉత్సవ పోస్టరు మీద పైన పెద్ద అక్షరాల్లో ఉండేవాళ్ళు రాత్రి చివరన పాడే ప్రధాన కళాకారులు. కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి, పాడే వేళ మధ్యాహ్నంలోకి జరుగుతుంది. రెండేళ్ళ కింద మూడో వరసలో ఉన్న బ్యాండు నిరుడు రెండో వరసకి వస్తే, వచ్చే ఏడు మొదటి వరసకి రావచ్చు. అలా పాత పోస్టర్లు ముందు పెట్టుకుని కొత్త పోస్టరు ఊహిస్తారు.

నేను ఆ ఇరవై పేర్లూ చదివి, "వీటిలో ఆడవాళ్ళున్నవి ఎన్ని?" అని అడిగాను.

నలుగురు అమ్మాయిలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లెక్క పెట్టారు. రెండు.

"ఇదేమిటే, మీరు నలుగురూ ఆడపిల్లలే కదా, మీ జాబితాలో కూడా ఇంతేనా?" అన్నాను.

మా పిల్ల చెప్పిన జవాబు కోసమే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. "పిన్నీ, ఎవరు రావాలని మాకుందో అది రాయలేదు. ఎవరు వస్తారో అది రాశాం. గెలవాలి కదా!"

మిత్రులారా, ఈ మాట మనకు కొత్తా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా వినడం లేదా? పార్టీల వాళ్ళని స్త్రీలకు సీట్లేవీ అని అడిగితే "మాకు ఇవ్వాలనే ఉందమ్మా, కానీ గెలుపు గుర్రాలు కావాలి కదా" అంటారు. ఎవరు గెలుస్తారు? ఇంతకు ముందు గెలిచినవాళ్ళు. ఇంతకు ముందు ఎవరు గెలిచారు? నిలబడనిచ్చిన వాళ్ళు. అంచనా అనేది అమాయకంగా కనిపిస్తుంది గానీ, అది నిన్నటి వివక్షను తెచ్చి రేపటికి అప్పజెప్పే పని చేస్తుంది. మా అమ్మాయిలు స్త్రీలకు వ్యతిరేకులు కారు. వాళ్ళు చూసిన ఆధారాలే అలా ఉన్నాయి.

ఆ ఆధారాలు అలా ఎందుకున్నాయి? దీనికి అక్కడి నిర్వాహకులు ఇచ్చే సమాధానం ఒకటుంది. 2023లో గ్లాస్టన్‌బరీ ప్రధాన వేదికపై మూడు రాత్రులూ పురుషులే: ఆర్కిటిక్ మంకీస్, గన్స్ ఎన్ రోజెస్, ఎల్టన్ జాన్. విమర్శలు వచ్చాయి. ఆ ఉత్సవాన్ని ఇప్పుడు నడిపిస్తున్నది ఆ రైతు కూతురు ఎమిలీ ఈవిస్. ఒక కళాకారిణి రావలసి ఉండి చివరికి రాలేదనీ, అసలు సమస్య కింది నుంచీ ఉందనీ, రికార్డు కంపెనీలూ రేడియోలూ ఆడవాళ్ళను పైకి తీసుకురావాలనీ, తానొక్కతే అరిస్తే చాలదనీ ఆమె అన్నారు. ఆమె మాటలో నిజం లేదని నేననను. కానీ "అర్హులైన స్త్రీలు దొరకడం లేదు" అనే వాక్యాన్ని మనం ఎన్ని కార్యాలయాల్లో, ఎన్ని కమిటీల్లో వినలేదు? రికార్డు కంపెనీని అడిగితే ఉత్సవాలు పిలవడం లేదంటుంది. ఉత్సవం వాళ్ళని అడిగితే రేడియోలో వినపడడం లేదంటారు. బంతి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతూ ఉంటుంది.

చరిత్ర చూస్తే ఈ సాకులు ఎంత పాతవో తెలుస్తుంది. 1990ల్లో అమెరికాలో కచేరీ నిర్వాహకులూ రేడియో వాళ్ళూ వరసగా ఇద్దరు గాయనులను పెడితే జనం వినరని నమ్మేవారు. దాంతో విసిగిన కెనడా గాయని సారా మెక్‌లాక్లన్ 1997లో లిలిత్ ఫెయిర్ పేరుతో గాయనులతోనూ, స్త్రీలు ముందుండి నడిపే బ్యాండులతోనూ ఊరూరా తిరిగే ఉత్సవం మొదలుపెట్టింది. ఆ ఏడాది తిరిగిన సంగీతోత్సవాలన్నిటిలో ఎక్కువ వసూలు చేసింది అదే. జనం వినరన్న అంచనా పచ్చి అబద్ధమని డబ్బు లెక్కల్లోనే తేలింది. మూడేళ్ళు నడిచి 1999లో ఆగిపోయింది. 2010లో మళ్ళీ మొదలుపెడితే టిక్కెట్లు సరిగా అమ్ముడుపోక చాలా కచేరీలు రద్దయ్యాయి. ఇది కూడా చెప్పుకోవాలి. మన వైపు ఓటములను దాచిపెట్టి లాభం లేదు. వేరు వేదిక ఒక దారి తెరుస్తుంది, కానీ అసలు వేదికలో వాటా అడగడం మాత్రం మానకూడదు.

ఒకవేళ ఆడవాళ్ళు పైకి ఎక్కినా, ఎక్కారన్న జ్ఞాపకం ఎంతకాలం ఉంటుంది? 1999లో స్కంక్ అనన్సీ అనే బ్రిటిష్ రాక్ బ్యాండు గ్లాస్టన్‌బరీలో ఆదివారం రాత్రి ప్రధాన కళాకారులుగా పాడింది. దాని గాయని స్కిన్ నల్లజాతి స్త్రీ. ఇరవై ఏళ్ళ తర్వాత, 2019లో స్టార్మ్‌జీ అనే యువ గాయకుడు ప్రధాన కళాకారుడైనప్పుడు, ఆ గౌరవం దక్కిన మొదటి బ్రిటిష్ నల్లజాతి కళాకారుడు తానేనన్న మాట వచ్చింది. అప్పుడు స్కిన్ స్వయంగా ముందుకొచ్చి, ఆ పని మేం 1999లోనే చేశాం అని గుర్తుచేయవలసి వచ్చింది. సొంతంగా పాడిన కళాకారుల్లో అతను మొదటివాడే, అది వేరే మాట. కానీ ఒక స్త్రీ నడిపిన బ్యాండు ఇరవై ఏళ్ళలో జనం జ్ఞాపకంలోంచి అంత సులువుగా జారిపోయింది చూడండి. జ్ఞాపకంలో లేనివాళ్ళు అంచనాలోకి ఎలా వస్తారు?

ఇక డబ్బు సంగతి. లాస్ ఏంజెలిస్‌కు చెందిన ముగ్గురు అక్కచెల్లెళ్ళ బ్యాండు హైమ్. ఒక ఉత్సవంలో తమతో పాటు పాడిన మగ కళాకారుడికి తమకంటే పది రెట్లు ఎక్కువ ఇచ్చారని తెలిసి, తమ ఏజెంటును తీసేశామని వాళ్ళు 2018లో బయటపెట్టారు. వరినాట్లలో ఆడకూలికి ఒక రేటు, మగకూలికి ఒక రేటు ఉండే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం. మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

భద్రత మాట కూడా ఉంది. స్వీడన్‌లో బ్రోవల్లా అనే పెద్ద ఉత్సవం, 2017లో వచ్చిన అత్యాచార, లైంగిక దాడుల ఫిర్యాదుల తర్వాత, 2018లో జరపబోమని ప్రకటించింది. దానికి జవాబుగా ఎమ్మా క్నికారె అనే హాస్య కళాకారిణి పూనుకుని, జనం దగ్గర చందాలు పోగుచేసి, 2018లో గోథెన్‌బర్గ్‌లో పురుషులు లేని ఉత్సవం జరిపించింది. పేరు స్టేట్‌మెంట్. ప్రశాంతంగా జరిగింది. తర్వాత అక్కడి వివక్ష వ్యతిరేక అధికారి, పురుషులకు ప్రవేశం లేదని ప్రకటించడం చట్ట విరుద్ధమని తేల్చారు. నా మటుకు నాకు ఆ తీర్పు మీద కోపం లేదు. చట్టం అందరికీ ఒకటే. నా ప్రశ్న వేరు: చేతులు వేసినవాళ్ళని పట్టుకోవడం కంటే ఉత్సవం మూసేయడమే సులువని ఎందుకు అనిపించింది? మన దగ్గరా అంతే కదా. బస్సులో వేధిస్తున్నారంటే అమ్మాయిని చదువు మాన్పిస్తాం.

ఇక్కడ మా పిల్ల కథ ఒకటి చెప్పాలి. లీడ్స్ వెళ్ళకముందు అది హైదరాబాదు దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీలో చదివింది. నలుగురు ఆడపిల్లలు కలిసి బ్యాండు పెట్టుకున్నారు. ఇది డ్రమ్స్ వాయించేది. కాలేజీ ఉత్సవంలో అబ్బాయిల బ్యాండులకు రాత్రి ఎనిమిది తర్వాత సమయం ఇచ్చారు. వీళ్ళకు మాత్రం మధ్యాహ్నం మూడు గంటలు. కారణం అడిగితే, ఆడపిల్లల హాస్టలు గేటు సాయంత్రం ఆరున్నరకి మూస్తారు కాబట్టి అన్నారు. ఆ మూడు గంటల వేళ మైకులు ఇంకా సరిచేస్తున్నారు, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రెండు పాటలు కాగానే సమయం అయిపోయిందని దింపేశారు. మరుసటేడు పిలవలేదు. "నిరుడు వాళ్ళకి జనం రాలేదు కదా" అన్నారట!

నిచ్చెన ఎక్కడ విరుగుతోందో చూశారా? లోకంలో ఎక్కడైనా పెద్ద కచేరీ రాత్రిపూటే. మన హాస్టలు గేటు సాయంత్రమే మూస్తారు. మధ్యాహ్నం మెట్టు మీద నిలబడ్డ పిల్ల రాత్రి మెట్టు ఎలా ఎక్కుతుంది? 2015లో ఢిల్లీ విద్యార్థినులు హాస్టళ్ళ వేళల మీద పింజ్రా తోడ్ ఉద్యమం లేవదీసినప్పుడు, "రాత్రి తిరగడానికా ఈ గొడవంతా" అని వెటకారం చేసినవాళ్ళున్నారు. గేటు వేళ అంటే గ్రంథాలయం, ప్రయోగశాల, వేదిక, సంపాదన అన్నీ అని వాళ్ళకు తట్టలేదు.

నా సంగతీ చెప్పేస్తాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరుగుతున్నప్పుడు నేను కళాజాతాలో పాడాను. ఊళ్ళో ఆడవాళ్ళు మా పాటలు విని చదువుకోవడానికి వచ్చారు. ఆ తర్వాత సారా వ్యతిరేక పోరాటం ఎలా లేచిందో మీలో చాలామందికి తెలుసు. కానీ మా దళంలో డప్పు ఎప్పుడూ మగపిల్లల చేతిలోనే ఉండేది. నాకు వాయించాలని ఉండేది. "నువ్వు కోరస్ అందుకో అమ్మా" అనేవారు. మూడేళ్ళు కోరస్ అందుకున్నాను. ఎవరినీ తప్పు పట్టడం లేదు, నేనూ గట్టిగా అడగలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత మా పిల్ల డ్రమ్స్ ముందు కూర్చుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

అడగడమే కాదు, బెదిరింపులూ ఉంటాయి. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో జరిగిన ఒక పోటీలో ముగ్గురు బడి పిల్లల బ్యాండు ప్రగాశ్ బహుమతి గెలుచుకుంది. ప్రగాశ్ అంటే వెలుగు. రెండు నెలలు తిరక్కుండానే బెదిరింపులు, తిట్లు. మతపెద్ద ఒకరు వాళ్ళ పాటను తప్పుపట్టారు. ముఖ్యమంత్రి అండగా మాట్లాడినా, 2013 ఫిబ్రవరిలో ఆ పిల్లలు బ్యాండు మానేశారు. వాళ్ళ పేర్లు ఏ పోస్టరు మీదికీ మళ్ళీ ఎక్కలేదు. అర్హులైన స్త్రీలు దొరకడం లేదనే పెద్దమనుషులు ఈ లెక్క ఎక్కడ రాసుకుంటారు?

మరి మార్పు రాలేదా అంటే, వచ్చింది. 2017లో బ్రిటన్‌లోని పీఆర్‌ఎస్ ఫౌండేషన్ చొరవతో కీచేంజ్ అనే కార్యక్రమం మొదలైంది. 2022 కల్లా తమ వేదికల మీద స్త్రీ పురుషులను సమానం చేస్తామని 2018లో 45 ఉత్సవాలు మాట ఇచ్చాయి. 2019లో బార్సిలోనాలోని ప్రిమవేరా సౌండ్ అనే పెద్ద ఉత్సవం సగం వాటా పాటించి చూపించింది. 2020లో రెడింగ్, లీడ్స్ జాబితా మీద విమర్శ వచ్చినప్పుడు ది 1975 అనే బ్యాండు గాయకుడు మాటీ హీలీ, ఇకమీదట స్త్రీలకు సమాన చోటు ఇచ్చే ఉత్సవాలకే ఒప్పుకుంటానని బహిరంగంగా అన్నాడు. రెడింగ్, లీడ్స్ ప్రధాన కళాకారుల్లో 2023లో బిల్లీ ఐలిష్, 2024లో లానా డెల్ రే, 2025లో చాపెల్ రోన్ ఉన్నారు.

మళ్ళీ మా ఫ్రిజ్ తలుపు దగ్గరికి వద్దాం. 2024 వసంతంలో జాబితాలు వచ్చాయి. గ్లాస్టన్‌బరీ ప్రధాన కళాకారులు ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు: దువా లీపా, సిజా. ఆ ఉత్సవ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. మూడో పేరు కోల్డ్‌ప్లే, వాళ్ళకది ఐదోసారి. కోల్డ్‌ప్లే ఒక్కటే మా అమ్మాయిలు సరిగ్గా చెప్పింది! నాకు నవ్వొచ్చింది. ఐదోసారి వచ్చేవాళ్ళని ఊహించడానికి పెద్ద తెలివి కావాలా?

అయితే తొందరపడి సంబరపడవద్దు. పైకొచ్చిన ఈ స్త్రీలు ఎక్కువగా సొంత పేరుతో పాడే పాప్ గాయనులు. రాక్ బ్యాండు అనగానే మనసులో మెదిలేది ఇప్పటికీ నలుగురు మగాళ్ళే. అదే ఏడు డౌన్‌లోడ్ ఉత్సవంలో ప్రధాన బ్యాండులు మూడూ పురుషులవే. 2014లో హేలీ విలియమ్స్ గాయనిగా ఉన్న పారామోర్ రెడింగ్‌లో పై వరసకు వచ్చినప్పుడు కూడా మరో బ్యాండుతో కలిపి సగం గౌరవమే దక్కింది. ప్రతిభ లేకనా? 2018లో మెర్క్యురీ బహుమతి గెలిచిన వుల్ఫ్ ఆలిస్‌కు ఎలీ రోసెల్ గాయని. 2024లో అదే బహుమతి గెలిచిన ఇంగ్లిష్ టీచర్, మా పిల్ల ఉన్న లీడ్స్ బ్యాండే, దానికీ లిలీ ఫాంటెయిన్ అనే స్త్రీ గాయని.

అన్నిటికంటే నన్ను కదిలించిన పేరు, ఆ ఇరవైలో లేని పేరు. ఇండొనేషియాలో గరుత్ అనే ప్రాంతంలో ముగ్గురు బడి పిల్లలు, తలకు హిజాబ్ కట్టుకుని, 2014లో మెటల్ బ్యాండు పెట్టుకున్నారు. పేరు వాయిస్ ఆఫ్ బచెప్రొత్. వాళ్ళ సుండా భాషలో బచెప్రొత్ అంటే గోల. వాళ్ళకీ బెదిరింపులు వచ్చాయి. కానీ వాళ్ళు ఆపలేదు. బడిలో వాళ్ళకి ఈ సంగీతం పరిచయం చేసిన ఉపాధ్యాయుడు అండగా నిలిచాడు. 2024 జూన్‌లో వాళ్ళు గ్లాస్టన్‌బరీలో వాయించారు. ఆ ఉత్సవంలో వాయించిన మొదటి ఇండొనేషియా బ్యాండు అదే. మా పిల్ల ఫోనులో ఆ దృశ్యాలు పంపించి, "పిన్నీ, మేం నలుగురం ఓడిపోయాం, గిన్నెలు వంతులవారీగా తోముకుంటున్నాం" అని రాసింది.

ప్రగాశ్ పిల్లలకూ ఈ పిల్లలకూ మధ్య తేడా ప్రతిభలో లేదు, ధైర్యంలో లేదు. వెనక నిలబడ్డవాళ్ళలో ఉంది. అక్కడే మన పని ఉంది.

గ్లాస్టన్‌బరీకి 2026 విశ్రాంతి సంవత్సరం. కొన్నేళ్ళకొకసారి పొలాన్ని అలా వదిలేస్తారు, గడ్డి మళ్ళీ మొలవడానికి. పొలం ఎండబెట్టడం, పడావు పెట్టడం మన రైతులకు తెలిసిన పద్ధతే. 2027లో ఎవరు పాడతారని అప్పుడే లెక్కలు మొదలై ఉంటాయి. మా పిల్ల ఇప్పుడు కాగితం మీద రెండు వరసలు గీస్తోంది. ఒకటి వస్తారనుకునేవాళ్ళు, రెండోది రావలసినవాళ్ళు. రెండో వరసను ఉత్సవాల వాళ్ళకు ఉత్తరంగా కూడా రాస్తున్నారట.

మనమూ ఆ రెండో వరస గీద్దాం. ఈసారి మీ ఊరి జాతరకో, కాలేజీ ఉత్సవానికో, దసరా పందిరికో ఫ్లెక్సీ కట్టినప్పుడు దాని మీద ఆడవాళ్ళ పేర్లు లెక్కపెట్టండి. పాడేవాళ్ళే కాదు, వాయించేవాళ్ళు, మైకులూ లైట్లూ చూసేవాళ్ళు ఎంతమందో చూడండి. వాళ్ళకు ఏ వేళ ఇచ్చారో, ఎంత ఇచ్చారో అడగండి. వేదిక వెనక మరుగుదొడ్డి ఉందా, రాత్రి ఇంటికి చేర్చే బండి ఉందా, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి అని అడగండి. స్థానిక సంస్థల్లో రిజర్వేషన్ వచ్చేదాకా "సర్పంచిగా ఆడవాళ్ళు ఎక్కడ దొరుకుతారు" అన్నవాళ్ళే, వచ్చాక అభ్యర్థుల కోసం ఇల్లిల్లూ తిరిగారు. దొరకరన్నవాళ్ళు ఒక్కసారిగా ఎక్కడినుంచి దొరికారు?

చివరగా ఒక చిన్న కోరిక. ఈ మధ్యాహ్నం మన శిబిరం ముగింపు పాట ఉంది. పోయినసారి లాగే డప్పు వాయించడానికి పక్క ఊరి కుర్రాళ్ళని పిలిచారని విన్నాను. వాళ్ళు రావచ్చు, సంతోషం. కానీ ఒక డప్పు ఇటు ఇవ్వండి. నాకు తాళం తప్పుతుంది, తెలుసు. తప్పనివ్వండి.